షిఫ్టు మారినను క్రమము మారరాదు

గోదావరిఖని బొగ్గుగనులలో పని మూడు షిఫ్టులుగా నడచును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికునకు ఊరంతయు మేల్కొను వేళయే నిద్రవేళ యగును. దేహము వెలుతురునందు మెలకువను, చీకటియందు నిద్రను కోరును. కావున పగటినిద్ర తేలికగా పట్టదు. పట్టినను త్వరగా చెదరును. నిద్ర కొరవడినచో కోపము, దిగులు పెరుగును. గనిలో ఏమరుపాటు ప్రాణము మీదికి వచ్చును.

వేళ మన చేతిలో లేకున్నను క్రమము మన చేతిలో నున్నది. స్నానము, ఇష్టలింగార్చన, మితభోజనము, పిమ్మట చీకటి చేసిన గదిలో శయనము: ఏ షిఫ్టునందైనను ఈ వరుస తప్పరాదు. పడుకొనుటకు కొన్ని గంటల ముందే టీ మానవలెను. మద్యము నిద్ర పట్టించినట్లు తోచినను దానిని భంగపరచును. లేచిన పిదప కొంతసేపు వెలుతురులో నడచుట మేలు.

బసవేశ్వరుడు కాయకమును పూజతో సమానముగా బోధించెను. కాయకము చేయు దేహమును, మనస్సును కాపాడుకొనుటయు ఆ ధర్మములోనిదే. శ్రమించి వచ్చినవాడు నిద్రించునపుడు టీవీ కట్టివేసి, పిల్లలను మెల్లగా మాటాడుమనుట ఇంటివారు చేయదగిన దాసోహము.

ఇంత చేసినను దిగులు రెండు వారములు వీడనిచో దాచుకొనక వైద్యుని చూడవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. బాధను చెప్పుకొనుట బలహీనత కాదు.