మడమ నరం తెగినపుడు శస్త్రచికిత్సా మార్గాలు

పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే లావైన స్నాయువును జనులు ‘మడమ నరం’ అంటారు. ఆధునిక వైద్యులు దీనిని ఎకిలిస్ టెండన్ అని పిలుస్తారు. సుశ్రుతాచార్యుడు ఇటువంటి పెద్ద స్నాయువులకు ‘కండర’లని పేరుపెట్టి, శరీరంలో 16 కలవనీ, వాటిలో 4 పాదాలకు చెందినవనీ వివరించాడు.

పరుగులోనో, ఆటలోనో మడమ వెనుక ఎవరో తన్నినట్లు తోచి, ‘ఫట్’మని శబ్దం వస్తే ఈ స్నాయువు తెగిందేమోనని అనుమానించవలెను. రోగి కుంటుతూ నడవగలడు కనుక చాలమంది దీనిని బెణుకుగా భావించి పసుపు, సున్నం పట్టు వేస్తారు. ఒక పరీక్ష కలదు. రోగిని బోర్లా పరుండబెట్టి, పాదాలను మంచం అంచు దాటించి, పిక్కను నొక్కవలెను. ఆరోగ్యవంతమైన పాదం అరికాలి వైపు వంగుతుంది. స్నాయువు పూర్తిగా తెగిన పాదం సాధారణంగా కదలదు.

మూడు విధాలు

1. తెరచి కుట్టుట: మడమ వెనుక నిలువుగా కోసి, తెగిన కొనలను చూస్తూ గట్టి దారంతో కలుపుతారు. కుట్టు బలంగా ఉంటుంది. అయితే అక్కడి చర్మం పలుచన కనుక గాయం చీము పట్టవచ్చు. మధుమేహులకు, పొగత్రాగేవారికి ఈ భయం అధికం.

2. చిన్న గాట్లతో కుట్టుట: గాయం చిన్నది, మచ్చ స్వల్పం. కాని ప్రక్కనే పోయే స్పర్శనాడికి దెబ్బ తగిలితే పాదం వెలుపలి అంచు తిమ్మిరెక్కుతుంది.

3. పాతబడిన గాయానికి: వారాలు గడచిన కొద్దీ తెగిన కొనలు ఎడమవుతాయి. అపుడు పై స్నాయువు నుండి పట్టీ దించియో, బొటనవ్రేలిని వంచే స్నాయువును మడమ ఎముకకు అమర్చియో పూరించవలసి వస్తుంది. ఇది పెద్ద శస్త్రకర్మ.

కత్తి తప్పనిసరియా?

కాదు. పాదాన్ని క్రిందికి వంచి కట్టు లేదా ప్రత్యేకమైన బూటు వేసి, క్రమంగా వ్యాయామం చేయించినా స్నాయువు అతుకుతుంది. నార్వేలో 526 మందిని పరిశీలించి 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఏడాది తరువాత మూడు పద్ధతులలోనూ కాలి పనితనం దాదాపు సమానమే. తిరిగి తెగుట శస్త్రచికిత్స లేనివారిలో 6.2 శాతం, రెండు శస్త్రపద్ధతులలోనూ 0.6 శాతం. నాడికి దెబ్బ మాత్రం చిన్న గాట్ల పద్ధతిలో 5.2 శాతం, తెరచి కుట్టుటలో 2.8 శాతం, కట్టుతో నయం చేసినవారిలో 0.6 శాతం. వయసు, వృత్తి, ఇతర వ్యాధులను బట్టి వైద్యునితో చర్చించి నిర్ణయించుకొనవలెను.

పాఠకులకు నా సూచన

ఆయుర్వేద వైద్యునిగానే చెబుతున్నాను: తెగిన స్నాయువును తైలం కలపజాలదు. మర్దన చేయరాదు, కాపడం పెట్టరాదు. పాదాన్ని కదలనీయక, ఆ దినమే ఎముకల వైద్యుని చూడవలెను. ఏ పద్ధతికైనా తొలి దినాలే అనుకూలం. చికిత్సాకాలంలో పిక్క వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అపుడు పిక్కను పిసుకక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. కుట్లు పూర్తిగా మాని, శస్త్రవైద్యుడు అనుమతించిన పిదపనే నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగనం చేయించుకొనవచ్చును.