పానా పట్టిన కుర్రాళ్లకు నాలాంటి ముసలి మెకానిక్ మాట

తిరువూరులో నేను షెడ్డు పెట్టిన రోజుల్లో చుట్టుపక్కల పొలాల్లో ఆయిల్ ఇంజన్ల చప్పుడే ఎక్కువ. తర్వాత పవర్ టిల్లర్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. అన్నిటినీ విప్పాను, బిగించాను. పని మానేశాక డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తే, మనవడు ఎక్కడో చవగ్గా కొన్న పాత లాన్‌మోవర్ చూపించి, “తాతయ్యా, దీన్ని రేసు బండి చేద్దాం” అన్నాడు. కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి అది. ఇంగ్లండ్‌లో విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో 1973లో ఈ పందేలు మొదలయ్యాయట. 1992లో అమెరికాలోనూ సంఘం పుట్టింది. ఆ బండి దగ్గర వాడికి చెప్పినవీ, షెడ్డులో నేను ఆలస్యంగా నేర్చుకున్నవీ ఇవి.

1. పనిముట్టు పందేనికి వెళ్లాలంటే ముందు పదును వదలాలి.

లాన్‌మోవర్ కత్తి అంచు నిమిషానికి 19,000 అడుగుల వేగం దాటకూడదని అమెరికా ప్రమాణం. అంటే గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. అందుకే ఇంగ్లండ్‌లోనైనా అమెరికాలోనైనా కత్తులు తీసేయనిదే బండిని పందెంలోకి రానివ్వరు. మనవడు కత్తులు ఉంచి బెల్టు మాత్రం తీద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. వయసులో ఉండగా ఒక నూర్పిడి మిషన్‌కి బెల్టు మీది రేకు కవరు పనికి అడ్డమని తీసి పక్కన పడేశాను. కూలీ తువ్వాలు బెల్టులో పడింది. ఆయన చెయ్యి దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు.

2. గవర్నర్ ఇంజన్‌కి ముక్కుతాడు.

ఈ చిన్న పెట్రోలు ఇంజన్లను గవర్నర్ 3,600 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచుతుంది. చాలావాటిలో కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది. ఆయిల్ పంపు కూడా ఉండదు, అడుగున ఉన్న నూనె చిమ్మితేనే తడి. తిరుగుడు రెట్టింపైతే రాడ్డు మీద లాగుడు నాలుగింతలవుతుంది. ఫ్లైవీల్ పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. గవర్నర్ తీసేవాళ్లు ముందు రాడ్డూ ఫ్లైవీలూ గట్టివి వేసుకుంటారు. ఇదంతా తెలియక, నీళ్లు చాలడం లేదని ఒక రైతు బతిమాలితే ఆయన ఆయిల్ ఇంజన్ గవర్నర్‌ని తీగతో కట్టేశాను. రాడ్డు విరిగి క్రాంక్‌కేసు బద్దలైంది. ఆ ఏడాది ఆయన మిరప తోట ఎండిపోయింది. కొత్త ఇంజన్‌కి నేనూ కొంత ఇచ్చుకున్నాను గానీ పంటను తేలేకపోయాను.

3. ఆపలేని వేగం మనది కాదు.

ఇంజన్ జోలికి పోకుండా వేగం పెంచే దారి పుల్లీ మార్చడం. ఇంజన్ వైపు నాలుగంగుళాలది తీసి ఆరంగుళాలది వేస్తే బండి ఒకటిన్నర రెట్లు పరుగెడుతుంది. ఆ సులువే నన్ను మోసం చేసింది. గంటకు ఎనిమిది కిలోమీటర్లు నడిచే బండిని నలభైకి తెస్తే, దాన్ని ఆపడానికి పాతిక రెట్లు శక్తి కావాలి. ఉన్న బ్రేకేమో గేరుబాక్సు పక్కన చిన్న డిస్కు. ముందు బ్రేకు చూడాల్సిన నేను ముందు పుల్లీ మార్చాను. మనవడు పెరటి కంచెను గుద్ది ఆగాడు. దెబ్బలేమీ తగల్లేదు. అది నా నేర్పు కాదు, వాడి అదృష్టం.

4. తీసేసిన బరువుకీ లెక్క ఉంటుంది.

కత్తుల డెక్కు తీసేస్తే బండి తేలికవుతుందని సంబరపడ్డాం. కానీ అది నేలకు దగ్గరగా ఉండే బరువు. అది పోగానే సీటు మీది మనిషి బరువే పైచేయి అయింది. పైగా ముందు ఇరుసు ట్రాక్టర్‌కి లాగానే మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. ఎగుడుదిగుడు నేలకు అది మంచిదే, వేగంగా తిరిగే మలుపుకు కాదు. మామిడికాయల ట్రక్కుతో గట్టు మలుపులో బోల్తాపడ్డ ట్రాక్టర్లను తాళ్లేసి లేపినవాణ్ణి నేను. అయినా ఇక్కడ ఆ సంగతి తట్టడానికి సమయం పట్టింది. చివరికి ఫ్రేము కిందికి దించి, ఇరుసు ఊగకుండా బిగించాం.

5. మనిషి పడితే ఇంజన్ ఆగాలి.

సీటు మీంచి లేస్తే ఇంజన్ ఆగిపోయేలా కింద ఒక స్విచ్ ఉంటుంది. మాటిమాటికీ ఆగుతోందని చాలామంది దాని వైర్లు కలిపేస్తారు. పందెంలో దానికి తోడు ఒంటికి తాడు కట్టుకోవాలి. మనిషి ఎగిరిపడితే తాడు ఊడి ఇంజన్ ఆగుతుంది. ఆ తాడు కట్టాకే మనవడికి తాళం చెవి ఇచ్చాను. మా తరంలో ఇలాంటివి పిరికివాళ్లకని నవ్వేవాళ్లం. నవ్వినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

6. మైదానంలో సరదా, రోడ్డు మీద నేరం.

ఇంగ్లండ్ సంఘం ఈనాటికీ నగదు బహుమతి ఇవ్వదు. ఫార్ములా వన్‌లో పేరుమోసిన స్టిర్లింగ్ మాస్ కూడా వాళ్ల పన్నెండు గంటల పోటీలో సరదాకే దిగి గెలిచాడు. మన దగ్గర కుర్రాళ్లు సైలెన్సర్లు కోసేసి బైకులతో బజారు మీద పడుతున్నారు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

బండ్ల మీద మోజు తప్పని నేననను, ఆ మోజుతోనే నేను బతికాను. అబ్బాయిలూ, ఏ నట్టు మీదైనా పానా వేసే ముందు, బిగించినవాడు దాన్ని ఎందుకు బిగించాడో కనుక్కోండి. కారణం తెలిశాకే విప్పండి.