లాండ్రూను ఎవరన్నా చూసిండ్రా?

దమ్మాం

రాజూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్న. జూలై నెలల, మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టరింగ్ మీదికి ఎందుకెక్కినవురా అంటే, "కఫీల్ చెప్పిండట పెద్దబాపూ" అంటున్నవు. నీ వీసా చేతిల పెట్టుకున్న ఆ యజమానిని, ఆ కఫీల్‌ను నువ్వెన్నడన్నా చూసినవా?

నేను కొత్తగ వచ్చినప్పుడు మా క్యాంపుల ఫిలిప్పీన్ క్లర్కు దగ్గర 'స్టార్ ట్రెక్' అనే టీవీ సీరియల్ క్యాసెట్లుండేవి. ఇంగ్లిషు సగం అర్థంకాకపోయినా శుక్రవారం పదిమందిమి కూసొని చూసేటోళ్లం. 1967 నాటి ఒక కథ ఇప్పటికీ మరువలే. ఒక గ్రహం మీద జనమంతా లాండ్రూ అనేటాయన మాట మీదనే బతుకుతరు. ముసుగులేసుకున్నోళ్లు ఆయన పేరు చెప్పి కర్ర చూపిస్తే అందరు తలవంచుడే. కెప్టెన్ కిర్క్ ఒక్కడు "రాను" అంటడు. ముసుగోళ్లకు ఏం తోచక అట్లనే నిలబడిపోతరు. ఆ మాట వాళ్లెన్నడూ వినలేదాయె! తీరా చూస్తే లాండ్రూ 6,000 ఏండ్ల కిందనే పోయిండు, గోడెనక ఉన్నది ఒక యంత్రం. "అచ్చం మనూరి దొర గడి లెక్కనే ఉంది" అన్నడొకడు. అందరం నవ్వినం.

నవ్వినోణ్ని నేనే, ఆ నెలనే అరబ్బీ కాగితం మీద అడగకుండ సంతకం పెట్టిన. మూడు నెలల జీతం ముట్టినట్టు రాసుందని తర్వాత తెలిసింది.

కిర్క్‌కు ఆపదొస్తే ఆదుకోను పైన అంతరిక్ష ఓడ ఉంది. నీకు ఊళ్లె అప్పుంది. వీరుని వేషం వద్దు. పక్కన దహ్రాన్‌ల ఆరాంకో చమురు కంపెనీ కార్మికులు 1953ల, 1956ల సమ్మె చేసిండ్రు. 1956లనే సౌదీ రాజు సమ్మెలను నిషేధించిండు. పని ఇడిసి ఉరికితే పారిపోయిండని 'హురూబ్' రాస్తరు, కాగితాల్లేని ఖల్లివల్లి అయితవు.

కాని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక, పగటి 12 నుంచి 3 వరకు ఎండల పని చేయించొద్దన్నది ఇక్కడి సర్కారే. ఎక్కనంటే నువ్వు సర్కారు మాట విన్నట్టే. నలుగురు కలిసి, గొంతు లేపకుండ "ఎవరి ఆర్డరు? కాగితం చూపియ్" అని అడుగుండ్రి. వినకుంటే సర్కారు లేబర్ శాఖ నంబరు 19911కు ఫోన్ కొట్టు. తారీఖు, టైము రాసి పెట్టుకో. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంటే అదీ అడుగు, దాసుకునే హక్కు వాళ్లకు లేదు. 2021 మార్చి నుంచి, కంపెనీ పనోళ్లు ఏడాది నిండినంక కఫీల్ ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చు. ఇండ్లల్ల డ్రైవర్లకు, వంటోళ్లకు మాత్రం ఆ మార్పు ఇయ్యలే. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శుక్రవారం రా. నీ కాంట్రాక్టు కాగితం తెచ్చుకో, ముందు అది చదువుదాం. సినిమా తర్వాత.

మీ పెద్దబాపు