ఏడు దినాల గడువు: పరీక్షిన్మహారాజు నేర్పిన పాఠం

పశ్చాత్తాపం అనే మాటలోనే దాని స్వభావం తెలుస్తుంది. ‘పశ్చాత్’ అంటే తరువాత. ‘తాపం’ అంటే వేడి. పని జరిగిపోయిన తరువాత మనసులో రగిలే వేడి అది. వృద్ధులైన తల్లిదండ్రులను సమయానికి చూసుకోలేకపోవడం, తోబుట్టువుతో ఆడిన పరుషవాక్యం, తొందరపడి అమ్ముకొన్న పొలం... ఇటువంటి తాపం లేని ఇల్లు అరుదు. ఆ వేడితో వంట చేసుకోవచ్చు, ఇల్లు కాల్చుకోనూవచ్చు. దానిని ఏ విధంగా వినియోగించుకోవాలో పరీక్షిత్తు కథ బోధిస్తుంది.

ఒకే శాపం, రెండు కథనాలు

అర్జునుని మనుమడు, అభిమన్యుని కుమారుడు పరీక్షిత్తు. తల్లి గర్భంలో ఉండగానే శ్రీకృష్ణుని రక్షణ పొందిన పుణ్యమూర్తి. అంతటివాడు వేటలో అలసి, దప్పికతో శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్లాడు. ధ్యానమగ్నుడైన ముని పలుకలేదు. రాజు కోపించి, చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేసి వెళ్లిపోయాడు. ముని కుమారుడైన శృంగి అది తెలిసి, ఏడవనాడు తక్షకుని కాటుకు రాజు మరణిస్తాడని శపించాడు.

ఇంతవరకు మహాభారతానికీ భాగవతానికీ పెద్ద భేదం లేదు. ఆ తరువాతి ఏడు దినాలను మాత్రం రెండు గ్రంథాలూ రెండు విధాలుగా చూపుతాయి. భారతం ఆదిపర్వంలో రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొన్నాడు. వైద్యులను, విషమంత్రవేత్తలను చుట్టూ నిలుపుకొన్నాడు. గడువంతా కాపలాలోనే గడిచింది. అయినా తక్షకుడు పండులోని పురుగు రూపంలో లోనికి ప్రవేశించాడు.

భాగవతంలో శాపవార్త రాకముందే రాజు తన చేతను తలచుకొని కుమిలిపోయాడు. ఈ పాపఫలం తన ప్రజలకు గాని, కుటుంబానికి గాని తగలక తనకే తగలాలని కోరుకొన్నాడు. శాపం వినగానే రాజ్యభారం కుమారుడు జనమేజయునికి అప్పగించి, గంగాతీరాన దర్భలపై కూర్చున్నాడు. ఆవు పాలు పితికినంతసేపైనా ఒక గృహస్థుని వాకిట నిలువని శుకమహర్షి అక్కడకు వచ్చి ఏడు దినాలూ ఉండిపోయాడు. ‘మరణం ఆసన్నమైనవాడు ఏమి చేయాలి?’ అని రాజు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానంగానే మనకు భాగవతం లభించింది.

ఇందులోని మర్మం

శాపం ఒకటే, గడువూ ఒకటే, ముగింపూ ఒకటే. గడువును వాడుకొన్న తీరు మాత్రమే వేరు. మేడలో కూర్చున్న రాజు ఏడవ దినాన్ని తలచుకొని తొలి ఆరు దినాలను పోగొట్టుకొన్నాడు. గంగాతీరాన కూర్చున్న రాజు ఏడింటినీ జీవించాడు. కడపటి దినాన తనకు తక్షకుని భయం లేదని చెప్పగలిగాడు.

వ్యవధి చాలదని రాజు దిగులుపడకుండా శుకుడు ఖట్వాంగుని కథ చెప్పాడు. తన ఆయువు ముహూర్తకాలమే మిగిలిందని తెలిసిన ఖట్వాంగుడు ఆ కొద్ది సమయంలోనే సర్వం విడిచి హరిని ఆశ్రయించాడు. ముహూర్తమంటే రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు. అంతకంటే ఎక్కువ వ్యవధి మనకు ప్రతి ఉదయమూ లభిస్తూనే ఉంది.

మన సీమలోని రెండు నిదర్శనాలు

జహీరాబాద్ ప్రాంతపు భక్తులు ఈ పాఠం కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. బ్రహ్మదేవుని పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు మొగలిపువ్వు శివపూజకు పనికిరాకుండా పోయిందని పురాణప్రసిద్ధి. అదే పువ్వు ఈ క్షేత్రంలో స్వామి పూజకు అర్హమైంది, స్వామి పేరులోనే నిలిచింది. తప్పిన జీవికి మళ్లీ చోటు దొరుకుతుందని చెప్పడానికి ఇంతకంటే ఏమి కావాలి?

రెండవది పస్తాపూర్. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో ఈ ప్రాంతపు పేద మహిళలు, ముఖ్యంగా దళిత మహిళలు, గ్రామ సంఘాలుగా కూడారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదల వంటి పాత విత్తనాలు కనుమరుగవుతున్న కాలమది. పోయినవాటికై విలపిస్తూ వారు కూర్చోలేదు. మిగిలిన గుప్పెడు గింజలను కూడబెట్టి, బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచారు. బీడుపడిన చేలను మళ్లీ సాగులోకి తెచ్చారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలై, విత్తనాల ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ చేలలో యాసంగిన నీరు పెట్టకుండా పండే పంటలను ‘సత్యం పంటలు’ అంటారు. నల్లరేగడిలో నిలిచిన తేమ, రాత్రి కురిసే మంచు, ఇవే వాటికి ఆధారం. పోయిన వాన కోసం పైరు వగవదు. వేరుకు అందిన తేమను పుచ్చుకొని గింజ కడుతుంది. నేటి దినాన్ని స్వీకరించడమంటే ఇదే.

ఆచరణ

చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదని సామెత. అయితే కాలిన చేతిని చూసుకొంటూ కూర్చోవడమూ లాభం కాదు. పరీక్షిత్తు వరుసను అనుసరిద్దాం.

మొదటిది, తప్పును సాకులు లేకుండా ఒప్పుకోవడం. దప్పికను, ముని మౌనాన్ని రాజు కారణంగా చూపలేదు.

రెండవది, చేయదగిన దిద్దుబాటు నేడే చేయడం. నొచ్చుకొన్నవారు జీవించి ఉంటే క్షమాపణ కోరాలి. వారు లేకపోతే, వారికి చేయలేకపోయిన సేవను మరొక వృద్ధునికో, రోగికో చేయాలి.

మూడవది, బాధ్యతలను అప్పగించదగినవారికి అప్పగించి, మిగిలిన కాలాన్ని శ్రద్ధతో వినియోగించడం. ఇంటివారితో కలిసి భోజనం చేసే వేళ, పిల్లలు చెప్పేది వినే వేళ, దీపం వెలిగించే వేళ మనసు అక్కడే ఉంటే అది కూడా ఆరాధనే.

ఏడు దినాల గడువు పరీక్షిత్తుకే కాదు. ఆదివారం మొదలు శనివారం వరకు ఉన్న ఏడు దినాలలో ఏదో ఒకనాడే మనలో ప్రతి ఒక్కరి ప్రయాణమూ ముగుస్తుంది. అది ఏ వారమో తెలియదు కనుక, ప్రతి వారమూ గంగాతీరమే. ఆ తీరాన కూర్చొని వినగలిగే బుద్ధిని సంగమేశ్వరుడు మనందరికీ అనుగ్రహించుగాక.