‘కృషక్’ విమానము చెప్పు పాఠము

గన్నవరము విమానాశ్రయము మన హనుమాన్ జంక్షన్‌కు చేరువలోనే యున్నది. ఆకాశమున విమానపు మ్రోత వినబడగానే తరగతిలోని చూపులన్నియు కిటికీ వైపు మరలుట మేము ఎరుగుదుము. ఆ పెద్ద విమానములను గాక, ఒక కుటుంబము కారులో పోయినట్లు నలుగురు కూర్చుండి పోదగిన చిన్న విమానమును మన దేశమున నిర్మింపబూనిన కథను ఇచట వివరింపదలచితిమి.

బెంగుళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1940లో స్థాపింపబడినది. అందు విమానముల రూపకల్పనకు నాయకత్వము వహించినవారు డాక్టరు వి. ఎం. ఘాట్గే. వీరు జర్మనీలోని గొట్టింగెన్‌లో ప్రాంట్ల్ పండితుని వద్ద విద్య నభ్యసించిరి. వీరి నాయకత్వమున రూపొందిన హెచ్.టి.–2 శిక్షణ విమానము 1951లోను, ‘పుష్పక్’ అను రెండు సీట్ల తేలిక విమానము 1958లోను ఎగిరినవి. పుష్పక్‌ను పెంచి, నాలుగు సీట్లు అమర్చి, రూపొందించినదే ‘కృషక్’. అది 1959 నవంబరులో తొలిసారి ఎగిరినది.

రెండు సీట్లు చేర్చుట బెంచీని పొడిగించుట వంటిది కాదు. మనిషికి 75 కిలోలుగా లెక్కించినను ఇద్దరికి 150 కిలోలగును. ఆ బరువు నెత్తుటకు పెద్ద రెక్కలు, శక్తిగల ఇంజను కావలెను. పెద్ద ఇంజను ఎక్కువ ఇంధనమును కోరును. ఆ ఇంధనము మరల బరువే! పుష్పక్‌కు 90 అశ్వశక్తి చాలినది; తుదకు సైన్యమునకు చేరిన కృషక్‌కు 225 అశ్వశక్తి ఇంజను అమర్చిరి. అంతియే గాక, వెనుక సీట్లు నిండినను, ఖాళీగా ఉన్నను విమానపు గురుత్వకేంద్రము నియమిత హద్దులలోనే నిలువవలెను. అది మిక్కిలి వెనుకకు జరిగినచో విమానము అదుపు తప్పును.

ఈ చిక్కులన్నియు దాటి కృషక్ ఎగిరినది. కాని కొనువారి ఆసక్తి కరవై, ఆ పని కొలది కాలమునకే ఆగిపోయినది. అమెరికాలో 1955లో ఎగిరిన నాలుగు సీట్ల సెస్నా–172 నేటివరకు 44,000కు పైగా తయారైనది. అచట సొంత విమానము కొనగలవారు వేలమంది కలరు. మన దేశమున అట్టివారు నాడు బహు స్వల్పము.

అయినను కథ ముగియలేదు. ఫిరంగి గుండ్లు ఎచట పడుచున్నవో పైనుండి చూచి తెలుపు పనికి మన సైన్యము ‘ఆస్టర్’ విమానములను వాడుచుండెను. వాటి స్థానమున క్రొత్తవి కావలసి వచ్చినపుడు, మూలబడిన కృషక్ నమూనాను వెలికితీసి, అందుకు అనువుగా మార్చిరి. రెక్క పైభాగమున ఉండుటచే నేల చక్కగా కనబడును. 1965లో సైన్యమున చేరిన ఈ విమానము, 1969లో ఉత్పత్తి ముగియులోపల సుమారు 70 వరకు తయారైనది. 1970 దశకపు నడుమ వరకు సేవ చేసినది.

కృషకుడనగా దున్నువాడు. ఈ పేరు మన మామిడితోటల సీమకు దగ్గరిది. అంటు నాటిన ఏడాదే కాపు రాలేదని రైతు దానిని పెరికివేయడు. విద్యార్థులారా! పని మొదలిడునపుడే ‘ఇది ఎవరికి కావలెను?’ అని ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్నకు నేడు సమాధానము దొరకకున్నను, చేసిన పనిని సక్రమముగా వ్రాసి భద్రపరచుకొనుడు. కృషక్ కుటుంబములను మోయలేదు. అయినను దాని రూపకర్తల శ్రమ వ్యర్థము కాలేదు.