దైవనిర్ణయమును మానవేచ్ఛయు: డోర్టు మహాసభ వివాదము

క్రైస్తవ మతమునందలి వివాదములలో మన విద్యావంతులు తఱచుగా పొరపాటుగ గ్రహించునది దైవనిర్ణయ వాదము. కాల్విను మతానుయాయులు నమ్ము సిద్ధాంతమును వినగానే “ఇది మన తలవ్రాతయే కదా” యని కొందఱు తృప్తినొంది యూరకుందురు. ఈ పోలిక తగదు. తలవ్రాత యనునది ఒకనికి పెండ్లి యెప్పుడగును, పంట యెప్పుడు చెడును, చావెన్నడు వచ్చును అను లౌకిక విషయములను గూర్చినది. క్రైస్తవ పండితులు తగవులాడినది వీనిని గుఱించి కాదు. పాపమున మునిగియున్న మనుష్యుడు ఈశ్వరుని వంకకు తిరుగుట మొదట ఎవరి పని? ఆ తిరుగుట కొందఱియందు కలిగి మఱికొందఱియందు కలుగకపోవుటకు హేతువు ఈశ్వర సంకల్పమా, మనుష్యుని యిచ్ఛయా? ప్రశ్న యిది. కర్మ సిద్ధాంతముతో గూడ దీనిని కలుపరాదు. కర్మవాదమున నేటి స్థితికి పూర్వజన్మ కృతము కారణము. క్రైస్తవునకు పూర్వజన్మము లేదు. తల్లిగర్భమున పడకముందే, పుణ్యపాపము లేవియు చేయకముందే ఒకడు రక్షణకు ఏర్పఱుపబడె ననినచో, ఆ యేర్పాటునకు కారణము వానియందు వెదకుటకు వీలులేదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

శ్రీవైష్ణవులలో తెంగలై, వడగలై శాఖలవారి మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయములు చదువరులకు తెలిసినవే. పిల్లి తన పిల్లను తానే నోట కఱచుకొని పోవును. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. ఈ యుపమానము మనకు కొంతదూరము సాయపడును. అటుపిమ్మట దానిని విడువవలెను. ఏలయన, పిల్లి కొన్ని పిల్లలను బుద్ధిపూర్వకముగ వదలిపెట్టినదని తెంగలైవారు చెప్పలేదు. మేమిచట వివరింపబోవు హాలండు దేశపు వాదమంతయు ఆ వదలబడిన పిల్లలను గూర్చినదే.

వాదము మాత్రము హాలండున పుట్టినది కాదు. క్రీ. శ. 5వ శతాబ్దారంభమున పెలేజియసు అను సన్న్యాసి, ధర్మము నాచరింపుమని ఈశ్వరు డాజ్ఞాపించినయెడల ఆచరించు శక్తినిగూడ ఆయన యిచ్చియే యుండవలెనని బోధించెను. ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణమున బిషప్పుగా నున్న ఆగస్టీను దీనిని ప్రతిఘటించెను. ఆగస్టీను తన యౌవనమున స్వీయేచ్ఛను తానే గెలువజాలక నలిగినవాడు; ఇచ్ఛయే రోగగ్రస్తమైనపుడు లేచి నడువుమను ఆజ్ఞ రోగికి మందు కాజాలదని ఆయన యనుభవము. 418లో కార్తేజి నగరమున కూడిన సభ పెలేజియసు మతమును ఖండించెను. వేయియేండ్లు గడచిన పిదప 1524లో ఎరాస్మసును, 1525లో లూథరును ఇదే విషయమున పరస్పర విరుద్ధములగు గ్రంథములు వ్రాసిరి. కాని వాదము విద్వాంసుల బల్లలను దాటి వీథులలోనికిని, కారాగృహములలోనికిని వచ్చినది 17వ శతాబ్దపు హాలండులోనే.

యాకోబసు అర్మీనియసు 1560 ప్రాంతమున ఊడెవాటరు పట్టణమున జన్మించెను. 1575లో స్పెయిను సేనలు ఆ యూరిని కొల్లగొట్టి జనులను చంపినపుడు అతని బంధువులు హతులైరి. అతడు దూరదేశమున చదువుకొనుచుండుటచే బ్రదికెను. జెనీవా నగరమున, కాల్విను తరువాత ఆ పీఠము నధిష్ఠించిన బేజా యొద్ద శాస్త్రాభ్యాసము చేసెను. అనగా ఈతడు శత్రుశిబిరము నుండి వచ్చిన పరాయివాడు కాడు, కాల్విను శిష్యపరంపరలోనివాడే. 1588 నుండి ఆమ్స్టర్డాము నగరమున బోధకుడుగా నుండి, 1603లో లైడెను విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని పొందెను. అచట అతని సహాధ్యాపకుడగు గోమారసుతో సంఘర్షణము కలిగెను.

గోమారసు మతమిది: సృష్టికి పూర్వమే ఈశ్వరుడు తన మహిమను వెల్లడించుటకై కొందఱిని రక్షణకును, కొందఱిని నాశమునకును నియమించెను; ఆదాము పతనము ఆ నియమము నెఱవేఱుటకు మార్గము. అర్మీనియసు దీనిని విని, అట్లయినచో పాపమునకు కర్త యెవరని యడిగెను. పాపము జరుగవలెనని ముందుగ నిర్ణయించి పిదప పాపిని శిక్షించువానిని ఏ న్యాయస్థానమును న్యాయమూర్తి యని పిలువదు గదా. అతని మతమున ఈశ్వరుడు ఎవరు విశ్వసింతురో ముందుగ నెఱిగి వారి నేర్పఱచుకొనును. విశ్వసించుటకు కృప యావశ్యకమే. కృప లేక ఎవ్వడును ఒక్క యడుగును వేయలేడు. కాని ఆ కృపను త్రోసివేయ మనుష్యునకు సాధ్యము. పెలేజియసు మతమును అర్మీనియసు పునరుద్ధరించె నను నింద నాడే వ్యాపించి నేటికిని వినబడుచున్నది. కృపను గూర్చి అతడు వ్రాసినదానిని చదివినవా రీ నింద నిలువదని యొప్పుకొనవలసి యుండును.

ప్రతిపక్షపు వాదమును గూడ దాని బలముతోనే చెప్పుట ధర్మము. ఇద్దఱు సోదరు లొకే యింట పెరిగి, ఒకే బోధను ఒకే దినమున విని, అందొకడు మారుమనస్సు పొందెను, ఒకడు పొందలేదు. ఆ భేదమునకు హేతువు మొదటివానియందే యున్నచో, వాడు తన తమ్మునికంటె తానెంతో కొంత మేలైనవాడనని యెంచుకొనుటకు తావున్నది. నిజముగ పరివర్తనము నొందిన త్రాగుబోతును అడిగినచో “నేను మానితిని” అనడు, “నాచేత మాన్పింపబడినది” అనును. ఈ యనుభవమును కాల్విను పక్షమువారు కాపాడదలచిరి. దీనికి అర్మీనియసు చెప్పిన సమాధానము, భిక్షకుడు చేయి చాచినంతమాత్రమున భిక్ష దానము కాకపోదని. ఉపమానము చక్కనిదే, అయినను చేయి చాచిన భిక్షకునకును చాపని భిక్షకునకును గల భేదమెక్కడిదను ప్రశ్న అట్లే నిలిచియున్నది. ఈ యంశమున ఉభయులలో నెవ్వరును రెండవవారిని నోరు మూయించినట్లు మాకు తోచదు.

అయిన నొక విషయమున అర్మీనియసు పక్షమే గట్టిదని మా యభిప్రాయము. ఈశ్వర న్యాయము మన న్యాయమువంటిది కాదు, కుమ్మరిని మన్ను ప్రశ్నింపరాదు, అని కాల్విను పక్షమువారు రోమీయుల పత్రిక 9వ అధ్యాయము నాధారముగ చూపిరి. ఈశ్వర న్యాయము మనకందినదానికంటె విశాలమనుట యొప్పుకొనదగినదే. కాని మన మన్యాయమని యెఱిగినదే ఆయనయందు న్యాయమగుననినచో, ఆయనను న్యాయవంతుడని స్తుతించుటకు అర్థమేమి? ఆ మాట వట్టి ధ్వనిగ మిగులును. మంటికి మనస్సాక్షి లేదు, మనుష్యునకున్నది.

1609లో అర్మీనియసు మరణించెను. మరుసటి సంవత్సరము అతని పక్షమునకు చెందిన నలువదిమందికి పైబడిన బోధకులు ఐదంశముల విజ్ఞాపనము నొకదానిని ప్రభుత్వమునకు సమర్పించిరి. అందుచేతనే వారికి విజ్ఞాపకులను పేరు వచ్చెను. స్పెయినుతో యుద్ధవిరామము నడచుచున్న దినము లవి. హాలండు ప్రభుత్వమునకు ముఖ్య సచివుడైన వృద్ధుడు ఓల్డెన్‌బార్నెవెల్టు విజ్ఞాపకులను రక్షించెను. సేనాధిపతి మారిసు రాకుమారుడు 1617లో ప్రతిపక్షముతో చేరెను. ఇక శాస్త్రవాదము దండనీతితో ముడివడెను. 1618 ఆగష్టులో వృద్ధ సచివుడు బంధింపబడెను.

అదే సంవత్సరము నవంబరు 13న డోర్టు పట్టణమున మహాసభ ప్రారంభమయ్యెను. ఇంగ్లండు, స్కాట్లండు, జర్మను సంస్థానములు, స్విట్జర్లండు, జెనీవాల నుండి ప్రతినిధులు వచ్చిరి. ఫ్రాన్సు ప్రతినిధులను వారి రాజు రానీయలేదు. ఎపిస్కోపియసు నాయకత్వమున వచ్చిన విజ్ఞాపకులు సభ్యులుగా గాక విచారింపబడువారుగా పిలువబడిరి. వాదమే క్రమమున జరుగవలెనను తగవుతోనే వారములు గడచెను. తుదకు 1619 జనవరి 14న అధ్యక్షుడు బోగర్మను కోపముతో వారిని సభనుండి వెడలగొట్టెను. పిమ్మట వారి గ్రంథములను ముందుంచుకొని తీర్పు వ్రాసిరి. ఇంచుమించు ఇన్నూఱుమంది బోధకులు పదవులను కోల్పోయిరి. సంతకము చేయ నిరాకరించి దేశమును విడిచినవారు పలువురు. విదేశ ప్రతినిధులు మే 9న సెలవు తీసికొనిన నాలుగు దినములకు, మే 13న, హేగు నగరమున డెబ్బదియొక్క యేండ్ల ఓల్డెన్‌బార్నెవెల్టు శిరశ్ఛేదనము జరిగెను. ఆ శిక్ష విధించినది మహాసభ కాదు, రాజ్యాధికారము నియమించిన న్యాయాధిపతులు, ఆరోపణమును రాజ్యాపరాధమే. దీనిని మఱచి సభవారిని హంతకులనుట సరికాదు. యావజ్జీవ కారాగార శిక్ష నొందిన గ్రోషియసు 1621లో తన భార్య యుక్తిచే పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనిన కథ ప్రసిద్ధము.

డోర్టు నిర్ణయములను చదువక నిందించువారే హెచ్చు. అవి గోమారసు తీవ్రమతమును శాసనముగ చేయలేదు. పతితులైన మనుష్యులలో కొందఱిని ఈశ్వరుడు కృపతో నెన్నుకొని తక్కినవారిని వారి పాపమునకే విడిచెనని మాత్రము చెప్పినవి. విశ్వాసమునకు ఎన్నిక కారణమైనట్లే అవిశ్వాసమునకు త్యాగము కారణమను మాటను ఉపసంహారమున స్పష్టముగ త్రోసిపుచ్చినవి. దైవనిర్ణయమును నమ్మినవారు సోమరులగుదురను ఆక్షేపణము గూడ చరిత్ర యెదుట నిలువదు. 1739లో జాన్ వెస్లీ తన ప్రసంగమున ఈ సిద్ధాంతమును ఘోరముగ ఖండింపగా, దానిని నమ్మిన అతని మిత్రుడు వైట్‌ఫీల్డు వెస్లీకి తీసిపోని శ్రమతో బయలు మైదానములలో బోధించుచుండెను. 1793లో వంగదేశమునకు వచ్చిన విలియం కేరీయు కాల్విను మతమువాడే.

డోర్టు నిర్ణయములలో మేము మాటిమాటికి తిరిగి చదువునది మొదటి ప్రకరణమునందలి 17వ అంశము. శైశవమున చనిపోయిన బిడ్డల యెన్నికను గూర్చియు, రక్షణను గూర్చియు భక్తులైన తల్లిదండ్రులు సందేహింప పనిలేదని అందున్నది. శిశుమరణ మెఱుగని యిల్లు అరుదైన కాలమది. ఆ పండితులలో ననేకులు గ్రామములలో బోధకులు. చిన్న శవపేటికల ముందు నిలిచి ఓదార్పు మాట చెప్పవలసినవారు. విశ్వసించుటకు గాని, నిరాకరించుటకు గాని వయసు చాలని బిడ్డయందు స్వతంత్రేచ్ఛావాదమునకును పనిలేదు. మిగిలినది ఈశ్వరుని స్వభావమొక్కటియే. అచట వారి తర్కము మెత్తబడినది. కాని భక్తుల బిడ్డలవఱకే. అవిశ్వాసి బిడ్డను గూర్చి, అన్యదేశీయుని బిడ్డను గూర్చి ఆ యంశము మాటాడలేదు.

1640 తరువాతి దశాబ్దమున ఇంగ్లండులో సిద్ధమైన వెస్ట్‌మినిస్టరు విశ్వాసప్రకటనము “ఎన్నికైన శిశువులు” రక్షింపబడుదురని వ్రాసెను. ఎన్నిక కాని శిశువులున్నారా యను ప్రశ్న ఆ రెండు మాటలనుండి పుట్టి రెండున్నర శతాబ్దములు ఆ సంఘములను వేధించెను. 1903లో అమెరికా ప్రెస్బిటీరియను సంఘము ఒక వివరణ ప్రకటనమును చేర్చి, శైశవమున మరణించువా రందఱును ఎన్నికైనవారేయని తాము నమ్ముచున్నట్లు ప్రకటించెను. బాప్తిస్మము పొందక చనిపోయిన శిశువులకు, అతి స్వల్పమైనదైనను, శిక్ష యుండునని ఆగస్టీను చెప్పియుండెను. రోమను సంఘమునందు దానికి బదులుగ, దుఃఖములేని వేఱొక లోకము వారికి కలదను మతము మధ్యయుగమున వ్యాపించెను. 2007లో ఆ సంఘపు అంతర్జాతీయ వేదాంత పరిషత్తు, ఆ లోకమును గూర్చిన మతము అవశ్యవిశ్వసనీయ సిద్ధాంతము కాదనియు, అట్టి శిశువులును రక్షణ పొందుదురని ఆశించుటకు గట్టి హేతువులు కలవనియు ఒక పత్రమును ప్రకటించెను.