విమానం నూనె కోసం మొక్క నాటేముందు

ముసునూరు నుంచి గన్నవరం విమానాశ్రయం పెద్ద దూరమేం కాదు. అక్కడ దిగే విమానంలో పోసేది కిరోసిన్ లాంటి ఇంధనం. పొగ తగ్గించాలని ఇప్పుడు ఆ ఇంధనాన్ని గింజల నూనె, వాడేసిన వంటనూనె, మొక్కజొన్న సారాయి వంటివాటి నుంచి కూడా తీస్తున్నారు. మన దేశం నుంచి విదేశాలకు పోయే విమానాల్లో 2027 నాటికి నూటికి 1 వంతు, 2028కి 2 వంతులు, 2030కి 5 వంతులు ఈ ఇంధనం కలపాలని కేంద్రం 2023లో లక్ష్యం పెట్టింది. కాబట్టి గిరాకీ ఉత్తమాట కాదు. అయితే ఆ గిరాకీలో మీ వాటా ఎంత, ఎవరు హామీ ఉంటారు అన్నదే తేల్చుకోవాలి.

జట్రోఫా సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003 తర్వాత డీజిల్‌కు బదులు అని ఊరూరా ఊదరగొట్టారు. బీడులో నీళ్లు లేకుండా పండుతుందన్నారు. నీళ్లు లేకపోతే మొక్క బతుకుతుంది గాని కాయ కాయదు. కాసిన చోట కూడా కొనే దిక్కు లేక చాలామంది పీకేశారు. అదే గింజ నుంచి డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థ ఇంధనం తీసింది. దాన్ని నూటికి 25 వంతులు కలిపి 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరింది. విమానం ఎగిరింది నిజమే, రైతు మాత్రం నిలదొక్కుకోలేదు. తప్పు గింజది కాదు, ధరకు కాగితం లేకపోవడమే.

దీనికి ఎదురుగా మన కళ్లముందున్న పామాయిల్ చూడండి. 1993లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ఫలానా మండలం ఫలానా ఫ్యాక్టరీది అని ముందే కేటాయిస్తారు. అక్కడి గెలలు ఆ ఫ్యాక్టరీ కొనితీరాలి. ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ధర పడిపోయినప్పుడు గొడవలు లేవని కాదు, ఉన్నాయి. కాని అడగటానికి ఒక చట్టం, ఒక ఆఫీసు ఉన్నాయి. పెదవేగి పరిశోధన కేంద్రం కూడా దగ్గర్లోనే ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి: తిండి పంటల నుంచి, పామాయిల్ నుంచి తీసిన విమాన ఇంధనాన్ని యూరప్ నిబంధనలు లెక్కలోకి తీసుకోవు. అందుకే విమానాల పేరు చెప్పి పామాయిల్ తోట పెంచమంటే నమ్మవద్దు. వంటనూనె ధరను బట్టే లెక్క వేసుకోండి.

మొక్కజొన్న వేసేవారికి మాత్రం ఇప్పటికే లాభం ఒకటి ఉంది. క్వింటాలుకు సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పెట్రోల్లో కలపడానికి ఇథనాల్ ఫ్యాక్టరీలు మొక్కజొన్న కొంటున్నాయి. విమానానికి ఆ ఇథనాల్‌నే మరో మెట్టు మార్చాలి. 2025-26కు కేంద్రం మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఫ్యాక్టరీ ఏజెంటు వస్తే మొదట ఈ అంకె చెప్పి బేరం మొదలుపెట్టండి.

ఇక మన పిల్లల మాట. ఐ.టి.ఐ. ఫిట్టర్ చదివి హైదరాబాద్ విమాన విడిభాగాల కంపెనీల్లో చేరాలనుకునేవారికి ఇంధనం మారితే ఉద్యోగం పోతుందా అనే సందేహం రావచ్చు. కొత్త ఇంధనాన్ని సగం వరకు కలిపి ఇప్పుడున్న ఇంజన్లలోనే వాడొచ్చు. ఇంజను మారదు కనుక దాని పని కూడా పోదు. బ్యాటరీ, హైడ్రోజన్ విమానాలొస్తే సంగతి వేరు. ఇక జీతం మాటకొస్తే, అది ఇంధనం మీద కాదు, బేరం మీద ఉంటుంది. అమెరికాలో బోయింగ్ కార్మికులు 33 వేలమంది 2024 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడు వారాలు సమ్మె చేసి నాలుగేళ్లలో నూటికి 38 వంతుల పెంపును ఒప్పందంలో రాయించుకున్నారు. మన హెచ్.ఎ.ఎల్. కార్మికులు కూడా 2019 అక్టోబరులో జీతాల కోసం హైదరాబాద్‌తో సహా పలుచోట్ల సమ్మెకు దిగారు. వాళ్లకు యూనియన్ ఉంది. గింజ అమ్మే రైతుకు ఏముంది? ఒంటరిగా రెండెకరాల వాడు కంపెనీతో ఏం మాట్లాడగలడు?

అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గోండు మహిళలు సంఘంగా చేరి కానుగ గింజలు ఆడించారు. ఇక్రిశాట్ తోడు ఉంది. ఆ నూనె తగ్గించే పొగకు లెక్కకట్టి, 2003లో వాషింగ్టన్ సమావేశానికి విమానాల్లో వచ్చినవారి పొగకు పరిహారంగా ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు, అంటే ఆనాటికి సుమారు 30 వేల రూపాయలు చెల్లించింది. చిన్న మొత్తమే. కాని ముందు సంఘం, తర్వాతే బేరం అన్న వరుస చూడండి.

మరి కానుగ నాటాలా? తోట కొట్టి వేయకండి. మామిడి చెట్టు తీసి కానుగ పెట్టడం నష్టం. పొలం గట్టున, డొంక వెంట అయితే వేయవచ్చు. అక్కడ వేసినందుకు విమానం రాకపోయినా నష్టం లేదు, ఆకు పచ్చిరొట్టగా వరికి పనికొస్తుంది, చెక్క మామిడి పాదుల్లో వేసుకోవచ్చు. గింజ తాజాగా ఉండగానే సంచుల్లో నాటి, తొలకరికి గట్టు మీద పెట్టండి. కాపుకు అయిదారేళ్లు ఆగాలి. వేరు పిలకలు పొలంలోకి వస్తాయి, ఏటా కోసేయాలి. మొక్కలు ఉచితమని ఎవరన్నా తెస్తే తీసుకోండి గాని, గింజ కొనే ధర, కొనే వ్యవధి, కొనకపోతే పరిహారం రాయని కాగితం మీద సంతకం పెట్టవద్దు.